తాతయ్య ఫియట్, డాల్డా డబ్బా, సిల్‌లో దొరికిన మన్ను

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక కారు ఉంది. 1974 మోడల్ ప్రీమియర్ పద్మిని. బందరులో మా అమ్మమ్మ వాళ్ళింటి వెనక రేకుల షెడ్డులో 19 ఏళ్ళు కదలకుండా ఉండిపోయిన కారు. దాన్ని బాగుచేద్దామని 14 నెలలుగా తంటాలు పడుతున్నాను. నేను మెకానిక్‌ని కాదు. బీటెక్, ఆ తర్వాత నాలుగున్నరేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఈ మైకు. పానా పట్టుకోవడం ఈ కారు దగ్గరే నేర్చుకున్నాను. ఇంకా సరిగ్గా రాలేదని నా బొటనవేలి గోరు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇది కారు ఎలా రిపేరు చేయాలో చెప్పే వీడియో కాదు. అలాంటివి నాకన్నా బాగా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. తుప్పు గీకుతూ పోతే కింద నాకేం దొరికింది, అది దొరికాక నేను చేద్దామనుకున్న పని ఎందుకు ఆపాల్సొచ్చింది, అది చెప్తాను.

షెడ్డు తీసిన రోజు సంగతి ముందు చెప్పాలి. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. వెనక సీటు స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టాయి. బానెట్ తెరిస్తే కార్బురేటర్ మీద కందిరీగల గూడు. డ్రైవర్ పక్క ఫ్లోర్ మీద మ్యాట్ ఎత్తితే కింద నేల కనిపించింది. నిజంగానే నేల, షెడ్డు నేల. పాత ఇనప సామాన్ల ఆయన్ని పిలిస్తే చుట్టూ ఒకసారి తిరిగి చూసి కిలో లెక్కన రేటు చెప్పాడు. అమ్మ సరే అనేసింది. అమ్మమ్మ ఒక్కతే, "ఒరే, ఆ కారుని తూకం వేస్తార్రా?" అంది. అంతే, బేరం అక్కడితో ఆగిపోయింది. ఆ మాటకి అర్థం నాకు చాలా నెలల తర్వాత గానీ తెలియలేదు.

సరే, అసలు ఈ కారు ఎక్కడిది?

మనవాళ్ళు దీన్ని పద్మిని అని ఎప్పుడూ పిలవలేదు. ఆర్సీ మీద ఏమున్నా "ఫియట్ కారు" అనే అన్నారు. అందులో తప్పేం లేదు కూడా. దీని మూలం ఇటలీలో ఉంది. డాంటే జియాకోసా అనే ఇంజనీరు రూపకల్పనలో ఫియట్ 1100 అనే చిన్న ఫ్యామిలీ కారు 1953లో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. దాని ముఖ్య లక్షణం ఒకటి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. జీపుకీ లారీకీ ఉన్నట్టు దీనికి కింద విడిగా చాసీ ఉండదు. బాడీయే చాసీ. రేకుని మడిచి పెట్టెల్లా చేసి, ఆ పెట్టెలన్నీ కలిపి వెల్డింగ్ చేస్తే వచ్చే గట్టిదనమే కారుని మోస్తుంది.

మన దగ్గర దాన్ని తయారుచేసింది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన కంపెనీ. మొదట్లో అమెరికా క్రైస్లర్ వాళ్ళ డాడ్జ్, ప్లిమత్ లాంటి కార్లని విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించేవాళ్ళు. అప్పటికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ కూడా ఇక్కడ అదే పని చేస్తున్నాయి. 1951లో పరిశ్రమల చట్టం వచ్చింది, ఏ ఫ్యాక్టరీ ఏం చేయాలన్నా లైసెన్సు. 1953లో టారిఫ్ కమిషన్ కార్ల పరిశ్రమ గురించి ఒక రిపోర్టు ఇచ్చింది. దాని సారాంశం మన భాషలో చెప్పాలంటే: ఇక్కడే తయారుచేస్తే ఉండండి, ఊరికే బిగించి అమ్మేట్టయితే వెళ్ళిపోండి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్ళిపోయాయి. మిగిలిన ఆటగాళ్ళలో మనకి బాగా గుర్తున్నవాళ్ళు ముగ్గురు. కలకత్తా పక్కన అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్.

ప్రీమియర్ మొదట తెచ్చిన 1100కి బొంబాయిలో "డుక్కర్" అని పేరు. మరాఠీలో పంది. గుండ్రటి మూతి చూసి పెట్టుంటారు. 1964లో 1100 డిలైట్ అనే మోడల్ వచ్చింది. మన సినిమాల్లో, పెళ్ళి ఫొటోల్లో కనిపించే చదరపు ఆకారం అదే. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, నాలుగు గేర్లు. డెబ్భైల మొదట్లో కొద్దికాలం "ప్రెసిడెంట్" అన్నారు, 1974 నుంచి "పద్మిని". చిత్తోర్ రాణి పేరు. పేరు మారింది, కారు మారలేదు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఇటలీలో ఫియట్ ఈ 1100 వరస కార్లని 1969లో ఆపేసింది. మనం మాత్రం దాదాపు 2000 దాకా తయారుచేశాం. అక్కడ ముగిసిన డిజైన్ ఇక్కడ ఇంకో ముప్ఫై ఏళ్ళు నడిచింది. కారణం సోమరితనం అని తిట్టడం తేలిక. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ కొత్త మోడల్‌కి కొత్త అచ్చులు కావాలి, వాటికి విదేశీ మారకం కావాలి, దానికి పర్మిషన్ కావాలి, ఎన్ని కార్లు చేయొచ్చో కూడా లైసెన్సే చెప్తుంది. 1969లో అయితే ప్రభుత్వమే కార్ల ధర ఖరారు చేసింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఇంకోపక్క, వెయిటింగ్ లిస్టు సంవత్సరాల పొడవు. ఏం చేసినా అమ్ముడుపోతుంటే మార్చాలన్న తొందర ఎవరికుంటుంది? రెండూ నిజమే.

ఆ రోజుల్లో కారు కొనడం ఎంత పెద్ద విషయమో చెప్పడానికి లాల్ బహదూర్ శాస్త్రి గారి కథ చాలు. ప్రధానమంత్రి అయ్యాక 1964లో కుటుంబం కోసం ఫియట్ కొన్నారు. 12,000 రూపాయలు. ఆయన దగ్గర 7,000 ఉన్నాయి, మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయారు. ఆ బాకీని భార్య లలితా శాస్త్రి తన పెన్షన్ డబ్బుల్లోంచి తీర్చారు. ఆ కారు ఢిల్లీలో ఆయన స్మారక మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. దేశ ప్రధానికే అప్పు కావాల్సొచ్చిన వస్తువు. మా తాతయ్యది బందరులో మందుల షాపు. ఆయన 1976లో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, షాపు పక్కన ఉన్న స్థలం అమ్మి. ఆ స్థలంలో ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగ్ ఉంది. మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా చివరికి ఆ బిల్డింగ్ దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు తుప్పు.

ఇనుము, నీళ్ళు, గాలిలో ఆక్సిజన్, ఈ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు కలిస్తే ఆ నీళ్ళలో కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది, తుప్పు పరిగెడుతుంది. బందరు గాలిలో ఉప్పు సంగతి నేను చెప్పాలా? కొత్త ఇనప గేటు కూడా రెండు వానాకాలాలు దాటేసరికి ఎర్రబడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు ముందు పొక్కులా లేస్తుంది. మనం ఆ పొక్కుని చూసి "చిన్నదే" అనుకుంటాం. అది లోపలి నుంచి బయటికొచ్చిన చివరి అంచు. లోపల ఎప్పుడో అయిపోయింది.

చిన్న భాగాల తుప్పు తీయడానికి నాకు నచ్చిన పద్ధతి ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు, చాకలి సోడా, ఒక బ్యాటరీ చార్జర్. తుప్పు పట్టిన భాగానికి నెగటివ్, పక్కన వేలాడదీసిన స్లాబు కడ్డీ ముక్కకి పాజిటివ్. రాత్రి పెడితే తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిలా ఊడొస్తుంది. ఒక రాత్రి నిద్రమత్తులో క్లిప్పులు తిప్పి పెట్టాను. పొద్దున్న కడ్డీ బాగానే ఉంది, బ్రాకెట్ సగమే ఉంది. ఇంకో మాట, ఎవరైనా ప్రయత్నిస్తే కడ్డీ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడకండి, నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. గదిలో పెట్టకండి, హైడ్రోజన్ వస్తుంది. బయట పెట్టండి.

బాడీని తొట్టిలో ముంచలేం కదా. దానికి చేత్తో గీకుడే. పెయింటు గీకితే పొరలు పొరలుగా వచ్చింది. పైన తెలుపు, అది అమ్మ పెళ్ళప్పుడు వేయించింది. దాని కింద ముదురు నీలం. దాని కింద లేత బూడిద రంగు. నేను ఉత్సాహంగా గ్రైండర్ పెట్టి అంతా రేకు దాకా తీసేద్దామని మొదలుపెట్టాను. నా ప్లాన్ సింపుల్: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయాలి. కొత్త కారులా మెరవాలి, ముందు-తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టాలి. వ్యూస్ కూడా బాగా వస్తాయి, దాచడమెందుకు.

ఎడమ వెనక మడ్‌గార్డ్ దగ్గర గ్రైండర్ కింద లప్పం లేచింది. అరచేయంత మందాన పెట్టారు. అది రాలిపోయాక కింద ఇంకో రేకు ముక్క, ఇత్తడితో అతికించినది. కారు రేకు కన్నా పల్చగా ఉంది. దాని అంచున సగం కాలిన పసుపు రంగు. ఇంకొంచెం జాగ్రత్తగా గుడ్డతో తుడిస్తే అక్షరం ముక్క కనిపించింది. అది డాల్డా డబ్బా.

నేను నవ్వాను. ఫొటో తీసి విజయవాడ ఆటోనగర్‌లో నాకు సలహాలిచ్చే టింకరింగ్ మేస్త్రికి పంపాను. డెబ్భై దాటిన మనిషి. ఆయన నవ్వలేదు. వెంటనే ఫోన్ చేశాడు. "ఎవరు చేశారో గానీ పనిమంతుడు బాబూ. డబ్బా రేకు మీద ఇత్తడి పారించడం ఆషామాషీ కాదు, కాస్త వేడెక్కువైతే బొక్క పడిపోతుంది. అప్పట్లో మంచి షీటు అడగ్గానే ఎవడిచ్చాడు?" అన్నాడు.

ఆ మాటతో నాకు బుర్రలో లైటు వెలిగింది. ఆ రోజుల్లో స్టీలు కూడా కంట్రోల్ వస్తువే. కోటాలు, పర్మిట్లు. కొత్త మడ్‌గార్డ్ బొంబాయి నుంచి రావాలి. బందరులో కూర్చున్న టింకరింగ్ ఆయన దగ్గర ఉన్నది ఒక గ్యాస్ సిలిండర్, ఒక సుత్తి, వంటింట్లో ఖాళీ అయిన డబ్బా. పాలసీ గురించి నేను ఇప్పటిదాకా మీకు చెప్పిందంతా పుస్తకాల్లో చదివిందే. ఇది మాత్రం చేత్తో ముట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పాత కోడ్‌లో వింత లైను కనిపిస్తే వెంటనే డిలీట్ చేయకూడదు, ఎవరు ఎందుకు రాశారో చూడాలి అని మా టీమ్ లీడ్ వెయ్యిసార్లు చెప్పేవారు. గ్రైండర్ చేతిలో ఉన్నప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు. అప్పటికే కుడి పక్కంతా రేకు దాకా తీసేశాను. అక్కడ ఏమేం పొరలున్నాయో ఇక ఎప్పటికీ తెలీదు. ఆ పక్క పెయింటు చరిత్రని నేనే చెరిపేశాను. ఇది నా తప్పు.

ఆ రోజు నుంచి గ్రైండర్ పక్కన పెట్టి ఉప్పుకాగితంతో రుద్దడం, ప్రతి పొరకీ ఫొటో, నోట్‌బుక్‌లో తేదీ. పని నాలుగు రెట్లు నెమ్మదించింది.

ఇక సిల్. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా ఉండే పెట్టె భాగం. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, బాడీయే చాసీ అని. ఆ బరువు మోసేవాటిలో సిల్ ముఖ్యమైనది. జాకీ పెట్టి ఎడమ పక్క లేపితే కారు లేవలేదు, జాకీయే లోపలికి దిగిపోయింది. తుప్పు తినేసింది. కోసి తెరవక తప్పలేదు.

తెరిస్తే లోపల ప్రైమర్ జాడ కూడా లేదు. తుప్పు రేకులు, వాటితోపాటు గట్టిపడిపోయిన నల్లటి బంకమన్ను. రెండు దోసిళ్ళకి పైనే. అమ్మమ్మ షెడ్డు దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ టబ్బులో ఆ మట్టిని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అది దివి మన్నురా."

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. మా తరానికి పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. కృష్ణా జిల్లాలో పెద్దవాళ్ళకి అలా కాదు. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చింది. ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేల దాకా ఉంటుంది. మా తాతయ్య షాపులో ఉన్న మందులు, పక్క షాపుల వాళ్ళు ఇచ్చినవి కారులో వేసుకుని, దారి తెరుచుకున్నాక చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు వెళ్ళారట. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎక్కడిదాకా కారు వెళ్తే అక్కడిదాకా, ఆపైన నడక. నీళ్ళలో ఆగిపోతే జనం తోశారట. ఆయన ఈ సంగతి మా అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఏం చూశారో అమ్మమ్మకీ పూర్తిగా చెప్పలేదు. వచ్చాక కారు తనే కడిగేవారు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు అంది.

ఇప్పుడు మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. నేనూ వేసుకున్నాను. ఆ మట్టి నిజంగా దివిదేనా? మంగినపూడి బీచ్ మన్ను కూడా నల్లదే. బందరు చుట్టూ ఏ చేలగట్టు మీద వానలో వెళ్ళినా అలాంటి బంకమన్నే అంటుకుంటుంది. ఆ కారు దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ రోడ్ల మీదే తిరిగింది. మట్టిలో ఉప్పుంది, కానీ బందరులో దేన్లో ఉప్పు లేదు? కాబట్టి "ఉప్పెన మట్టి దొరికింది" అని నేను థంబ్‌నెయిల్ పెట్టను. అమ్మమ్మ చెప్పింది సాక్ష్యం, మట్టి సాక్ష్యం కాదు. రెండూ ఒకే చోట కలిశాయి, అంతవరకే అనగలను. ఆ మట్టిని మాత్రం గాజు సీసాలో పోసి, ఎక్కడ ఏ తేదీన తీశానో చీటీ రాసి పెట్టాను.

ఇక్కడ చట్టం ఒకటి అడ్డొచ్చింది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేకంగా "వీఏ" అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. మా కారు 2024లో 50 దాటింది. కాకపోతే షరతు: బండి అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పు చేసి ఉండకూడదు.

రూలు మంచిదే, నాకేం కోపం లేదు. కానీ అసలు రూపం అంటే ఏ రోజుది? 1974లో కుర్లా గేటు దాటిన రోజుదా? డాల్డా డబ్బా అతికించిన రోజుదా? అంబాసిడర్, ఫియట్ ఇన్నేళ్ళు బతికిందే ఇలాంటి అతుకుల మీద. డిజైన్ మారలేదు కాబట్టి 1965 కారు భాగం 1985 కారుకి చాలావరకు పనికొచ్చింది, ప్రతి ఊళ్ళో దాన్ని విప్పి బిగించగల మనిషి తయారయ్యాడు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది, 1991లో మన పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యారు, 1993లో కార్లకి లైసెన్సు తీసేశారు. కొనేవాడికి అది మేలే, మా నాన్న ఇంట్లో మొదటి కొత్త కారు కొన్నది ఆ తర్వాతే. ఫియట్ మేస్త్రిల పని మాత్రం అక్కణ్ణుంచే సన్నగిల్లింది. బొంబాయిలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబర్‌లో రిజిస్టర్ అయింది. అక్కడ ట్యాక్సీల వయసు పరిమితి 20 ఏళ్ళు, సరిగ్గా 2023 అక్టోబర్ చివర్లో అది కూడా రోడ్డు దిగిపోయింది.

మా మేస్త్రి అభిప్రాయం మొదటి నుంచీ ఒక్కటే. "మనిషి కూర్చునే బండి బాబూ. సిల్ పాతదే ఉంచుతానంటే నేను చెయ్యి వెయ్యను." ఆయనది రైటు. అందుకే తెగ్గొట్టుకున్నాను: బరువు మోసేదీ ప్రాణం మోసేదీ ఏదైనా కొత్తది. సిల్, ఫ్లోర్, బ్రేకు పైపులు. సిల్‌ని పాతదాని కొలతలకే మడతపెట్టించి, నేను ఒక్కో చుక్క వెల్డింగ్ పెట్టి చల్లారనిచ్చి, ఆయన వీడియో కాల్‌లో తిడుతుంటే మూడు వారాల్లో పూర్తిచేశాను. ఒకేసారి లాగితే రేకు వంకర పోతుంది, నా మొదటి ప్రయత్నం పోయింది. మడ్‌గార్డ్ బరువు మోయదు. కాబట్టి డాల్డా అతుకు అక్కడే ఉంది. తుప్పు ఆపే మందు రాసి, పైన రంగులేని లాకర్ కొట్టాను. తెల్ల కారు మీద అరచేయంత పసుపు మచ్చ. నీట్‌గా లేదని అమ్మ రోజూ అంటుంది. దాని వల్ల వింటేజ్ నంబరు రాకపోవచ్చు కూడా. అప్లికేషన్‌లో సిల్ మార్చిన సంగతి, అతుకు సంగతి ఫొటోలతో సహా రాశాను. దాచి తెచ్చుకునే నంబరు నాకు వద్దు. ఇంకా జవాబు రాలేదు.

ఇంజను గురించి ఒక్క ముక్క. పట్టేసిన పిస్టన్లని డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి 23 రోజులు నానబెడితే కదిలాయి. పోయిన నెల స్టార్ట్ అయింది. షెడ్డు నిండా పొగ. అమ్మమ్మ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ముందు కూర్చోమంటే, "ముందు మందుల పెట్టెలుండేవి. నాకు వెనకే అలవాటు" అంది. నువ్వు కూడా వెళ్ళావా అమ్మమ్మా అంటే, "ఒక్కసారి" అంది. ఇంకేం చెప్పలేదు, నేనూ రెట్టించలేదు.

బ్రేకులు ఇంకా మిగిలున్నాయి, అవయ్యేదాకా కారు గేటు దాటదు. ఈలోపు మీతో ఒక పని ఉంది. 1977 నవంబర్, డిసెంబర్‌లలో చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక రోడ్ల మీద తీసిన ఫొటోలు మీ ఇళ్ళలో ఆల్బమ్స్‌లో ఉంటే ఒకసారి వెతకండి. లేత బూడిద రంగు ఫియట్ ఎక్కడైనా మూలన కనిపిస్తే చెప్పండి. నంబరు ప్లేటు కనిపించకపోయినా ఫర్వాలేదు. ఎడమ వెనక మడ్‌గార్డ్ చూస్తే నేను గుర్తుపడతాను.